ర్యాంపు ఉంది, తాళం చెవి లేదు: ఒక వీల్‌చైర్ ప్రయాణం పార్లమెంటు దాకా వెళ్ళిన కేసు

ఈ కేసు గురించి రాయొచ్చా అని ముందు ఆ అమ్మాయినే అడిగాను, రాయండక్కా కానీ నన్ను గుర్తుపట్టకుండా రాయండి అంది. అందుకే పేరు, ఊరు, స్టేషన్, రైలు, ఆసుపత్రి, మాకు సాయం చేసిన ఎంపీ గారెవరు అన్నవి ఏవీ చెప్పట్లేదు, రెండు మూడు చిన్న వివరాలు మార్చాను కూడా. నేను విజయవాడలో ఉంటూ ఇటు కృష్ణా అటు గుంటూరు వైపు దివ్యాంగుల హక్కుల కేసులు చూస్తాను, పదకొండేళ్ళయింది. ఎక్కువగా సదరం సర్టిఫికెట్లు, పెన్షన్లు, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు ఇవే వస్తుంటాయి. రైలు విషయాలు వచ్చినా ఒక కంప్లైంట్ పెట్టించి ఊరుకునేదాన్ని, పార్లమెంటులో ప్రశ్నలు, కమిటీలు ఇవన్నీ ఢిల్లీలో పెద్దవాళ్ళ వ్యవహారం, మనలాంటి వాళ్ళకి ఎందుకులే అనుకునేదాన్ని. ఈ కేసు తర్వాత అలా అనుకోవట్లేదు. ఇదే పని చేసేవాళ్ళకి పనికొస్తదని, మేం ఎక్కడెక్కడ నెలలు పోగొట్టుకున్నామో అది కూడా దాచకుండా రాస్తున్నాను.

నేపథ్యం

తనకి అప్పుడు 29 ఏళ్ళు, గుంటూరు వైపు అమ్మాయి. ఆరేళ్ళ ముందు బండి యాక్సిడెంట్‌లో వెన్నుపూస దెబ్బతింది, నడుం కింద స్పర్శ లేదు. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేస్తది, తన జీతం మీద తనే బతుకుతది. మూడు నెలలకోసారి వేరే రాష్ట్రంలో ఉన్న ఆసుపత్రికి చెకప్‌కి వెళ్ళాలి, వెన్ను దెబ్బతిన్నవాళ్ళకి యూరిన్ ఇన్ఫెక్షన్లు, కూర్చున్న చోట పడే పుండ్లు ఎంత ప్రమాదమో ఈ పనిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కారు మాట్లాడుకుంటే ఆ నెల జీతంలో సగం దానికే పోతది, బస్సు మెట్లు ఎక్కలేదు, ఇక మిగిలింది రైలే. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఆమెకి, తోడు వచ్చేవాళ్ళకి టికెట్‌లో 75 శాతం రాయితీ ఉంది, స్లీపర్‌లో కోటా బెర్తులు కూడా ఉన్నాయి, కానీ మామూలు బోగీ తలుపులో ఆమె కుర్చీ పట్టదు, ఒకవేళ మోసి కూర్చోబెట్టినా బాత్రూంకి పోలేదు. అందుకని తలుపు వెడల్పుగా ఉండి, పెద్ద బాత్రూం ఉండే దివ్యాంగుల బోగీలోనే వెళ్తది, అది గార్డు పెట్టెతో కలిసి బండికి ఒక చివర్న ఉంటది. ఏ చివర్న అన్నది బండి వచ్చేదాకా తెలియకపోవడమే అసలు గొడవ.

ఆ రోజు ఏం జరిగింది

2023 చలికాలం, బండి టైం తెల్లవారుజామున 4:40, ఐదు నిమిషాలు ఆగుతది. నాన్న, తమ్ముడు తోడున్నారు. బోర్డు మీద దివ్యాంగుల బోగీ ఇంజన్ వైపు అని చూపించింది, వీళ్ళు అక్కడ నిలబడ్డారు, తీరా బండి వస్తే అది వెనక చివర్న ఉంది. 24 పెట్టెల బండంటే అరకిలోమీటరు పైనే. నాన్న కుర్చీ తోసుకుంటూ పరిగెత్తాడు, షెడ్డు అయిపోయాక ప్లాట్‌ఫాం మీద బండలు లేచిపోయి ఉన్నాయి, ముందు చక్రాలు రెండుసార్లు ఇరుక్కున్నాయి. అక్కడికి చేరేసరికి తలుపు లోపల గడి పెట్టి ఉంది, లోపలున్నవాళ్ళెవరూ దివ్యాంగులు కాదు, తమ్ముడు తలుపు బాదితే అప్పుడు తీశారు. ర్యాంపు లేదు, సిబ్బంది ఎవరూ లేరు. తమ్ముడు, ఒక కూలీ చంకల కింద చేతులు వేసి పైకి లాగారు, యూరిన్ బ్యాగ్ ట్యూబు మెట్టు దగ్గర కడ్డీకి తట్టుకుని ఊడిపోయింది. తనని లోపల పెట్టి కుర్చీ అందుకుందాం అనేలోపు బండి కదిలింది. నాన్న, కుర్చీ ప్లాట్‌ఫాం మీద ఉండిపోయారు.

పదకొండు గంటలు చెక్క బెంచీ మీద కూర్చుని వెళ్ళింది, తడిసిన బట్టలతోనే. పుండ్లు పడకుండా వేసుకునే గాలి కుషన్ కుర్చీలోనే ఉండిపోయింది కదా, దిగేసరికి తుంటి దగ్గర చర్మం ఎర్రబడింది, మూడో రోజుకి పుండైంది, అది మానడానికి ఏడు వారాలు పట్టింది. ఏడు వారాలు ఆఫీసు లేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు నేను మామూలుగా అడిగేదే అడిగాను, ఏం కావాలనుకుంటున్నావమ్మా, నష్టపరిహారమా, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళ మీద చర్యా అని. "అక్కా, ఎవరి ఉద్యోగం మీదకీ తేవద్దు. నేను నా కుర్చీతో సహా బండెక్కాలి, అంతే" అంది. ఆ మాట ఫైలు మొదటి పేజీలో అలాగే రాసుకున్నాను. తర్వాత ఏడాదిన్నరలో ఏ దారిలో పోవాలి అని తర్జనభర్జన వచ్చినప్పుడల్లా, దీనివల్ల ఈ అమ్మాయి కుర్చీతో సహా ఎక్కుద్దా అని నన్ను నేనే అడిగేదాన్ని, చాలా దారులు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయేవి.

ముందు చేసినవి, కుదరనివి

కంప్లైంట్ యాప్‌లో పెట్టాం. సాయంత్రానికి క్లోజ్ అయింది, సంబంధిత సిబ్బందికి తగిన సూచనలు ఇచ్చాం అని. మళ్ళీ పెట్టాం, ఈసారి ఆ స్టేషన్‌లో వీల్‌చైర్లు, ర్యాంపు, దివ్యాంగుల టాయిలెట్ అందుబాటులో ఉన్నాయి అని వచ్చింది. ఆ జవాబు అబద్ధం కాదు, అది గమనించాలి, ఆ మూడూ నిజంగానే ఉన్నాయి. ఉన్నాయి అన్నదానికీ ఈ అమ్మాయి ఎక్కింది అన్నదానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు అప్పటికి సరిగ్గా అర్థం కాలేదు, వాళ్ళు తప్పించుకుంటున్నారు అని కోపం మాత్రమే వచ్చింది.

తర్వాత పొరపాటు పూర్తిగా నాది. అలవాటు కొద్దీ రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి రాశాను. రైల్వే కేంద్రం కిందది, అది ఢిల్లీలో దివ్యాంగుల చీఫ్ కమిషనర్ దగ్గరికి పోవాల్సింది, రాష్ట్రం చూడాల్సింది కాదు. అది తిరిగొచ్చి, మేం మళ్ళీ సర్దుకునేసరికి రెండు నెలలు పోయాయి.

ఈలోపు వాళ్ళ బంధువుల కుర్రాడు ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి తిరిగింది. కొందరు పెద్దలు ఇంటికొచ్చి కొత్త వీల్‌చైర్ ఇచ్చారు, శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. ఆమెకి కుర్చీ ముందే ఉంది, ఆ కొత్తది ఆమె కొలతకి సరిపోదు కూడా. తర్వాతి ప్రయాణంలో మళ్ళీ మోసే ఎక్కించారు, కాకపోతే ఈసారి నలుగురు కూలీలని మాట్లాడుకుని కుర్చీ కూడా అందించారు. ఆ రాత్రి ఫోన్‌లో తను ఏడ్చింది. మీడియా వద్దని నేను ఎప్పుడూ చెప్పను, కానీ ఇలాంటి కేసుల్లో మీడియాకి వెళ్తే వచ్చేది దానం, దానం తీసుకున్నాక హక్కు అడగడానికి మనకే నోరు రాదు. ఇప్పుడు నేను ఫైల్లో కాగితాలు గట్టిపడేదాకా వీడియో బయట పెట్టనివ్వను.

ఇక చట్టం తిరగేశాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఇందులో రవాణా గురించి 41వ సెక్షన్ అందరికీ తెలుసు, కానీ దాన్ని రెండు ముక్కలుగా చదవాలి. బండ్ల గురించి చెప్పేచోట సాంకేతికంగా వీలైతే, ఆర్థికంగా గిట్టుబాటైతే, డిజైన్‌లో పెద్ద మార్పులు లేకుండా కుదిరితే అని తప్పుకునే దారులున్నాయి. స్టేషన్ల గురించి చెప్పేచోట ఆ మాటల్లేవు. పైగా పబ్లిక్ బిల్డింగ్ అంటే ఏంటి అనే నిర్వచనంలోనే రైల్వే స్టేషన్లు, ప్లాట్‌ఫాంలు అని రాసుంది, అంటే 45వ సెక్షన్ ప్రకారం రూల్స్ వచ్చిన ఐదేళ్ళలోపు వాటిని అందుబాటులోకి తేవాలి, రూల్స్ వచ్చింది 2017 జూన్‌లో. అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాం, బోగీ డిజైన్ జోలికి పోవద్దు, ప్లాట్‌ఫాం మీదే నిలబడదాం. బోగీ ఎత్తు గురించి మాట్లాడితే రీసెర్చి, కొత్త కోచ్‌లు, ఖర్చు అని వాదన పదేళ్ళు సాగుద్ది, ప్లాట్‌ఫాం, ర్యాంపు, మనిషి, బోర్డు గురించి అయితే వాళ్ళకి వాయిదా వేయడానికి పెద్దగా ఏమీ దొరకదు.

టేపు పట్టుకుని వెళ్ళిన రోజు

మొదటి ఆర్టీఐలో దివ్యాంగులకు ఏమేం సౌకర్యాలున్నాయి అని అడిగాం, లిస్టు వచ్చింది, అంతే వస్తది మరి. రెండోదానికి రెండు రాత్రులు కూర్చున్నాను. పోర్టబుల్ ర్యాంపులు ఎన్ని, ఏ గదిలో ఉంటాయి, తాళం చెవి ఏ హోదా ఉద్యోగి దగ్గర ఉంటది, ఆ ఉద్యోగి డ్యూటీ వేళలేంటి, గత పన్నెండు నెలల్లో ర్యాంపు ఎన్నిసార్లు వాడారు, వాడినట్టు రిజిస్టర్ ఉంటే కాపీ ఇవ్వండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి పంపాం. గడువు దాటింది, మొదటి అప్పీలు వేశాక జవాబొచ్చింది. ర్యాంపులు రెండు, ఒక స్టోర్ గదిలో ఉంటాయి, చెవి ఫలానా సూపర్‌వైజర్ దగ్గర, డ్యూటీ ఉదయం 10 నుంచి సాయంత్రం 6, వాడకానికి విడిగా రిజిస్టర్ లేదు.

ఆమె బండి 4:40కి. ఆ కాగితం చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరూ కుట్ర చేయలేదు, ఎవరూ తిట్టలేదు, కేవలం తాళం చెవి ఇంట్లో నిద్రపోతున్న మనిషి దగ్గర ఉంది.

పర్మిషన్ తీసుకుని ఒక మధ్యాహ్నం వెళ్ళి చూశాం. ఆ సూపర్‌వైజర్ గారు మంచాయన, తాళం తీసి చూపించారు, అమ్మా నన్నెవరూ అడగలేదమ్మా అన్నారు. రెండు ర్యాంపుల్లో ఒకదానికి చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు, అంచుల దగ్గర అతికించిన టేపు ఎండిపోయి పసుపు రంగుకి వచ్చింది. కొలిచాం, పొడవు 1.8 మీటర్లు. ఒక బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫాం నుంచి దివ్యాంగుల బోగీ నేల దాకా కొలిస్తే 43 సెంటీమీటర్లు. మన హై లెవెల్ ప్లాట్‌ఫాంలు పట్టా పైనుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి, బోగీ నేల దానికంటే చాలా ఎత్తు, అందుకే ఈ తేడా. ర్యాంపు వాలు 1కి 12, అంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలనేది అందరూ చెప్పే లెక్క, ఆ లెక్కన 43 సెంటీమీటర్లకి ఐదు మీటర్ల పైన ర్యాంపు కావాలి, ఉన్నదాంతో వాలు దాదాపు 1కి 4 వస్తది. అంటే తనంతట తను ఎక్కలేదు, వెనక ఒకరు, పక్కన ఒకరు కావాల్సిందే. ర్యాంపు బయటికి తెప్పిస్తే చాలు అనుకుంటూ వెళ్ళినదాన్ని, ఆ కొలత వల్ల ర్యాంపుతోపాటు మనిషి కూడా కావాలి అని మా డిమాండ్ మార్చుకున్నాను. ఆ ఒక్క కొలత లేకపోతే మేం సగం అడిగి, సగం సాధించి, మళ్ళీ ప్లాట్‌ఫాం మీదే నిలబడేవాళ్ళం.

మొదటి ప్రశ్న

అప్పటికి 2024 వచ్చింది, మే 13న మన రాష్ట్రంలో పోలింగ్, ఏ నాయకుడి ఆఫీసుకెళ్ళినా ఎన్నికలయ్యాక రండమ్మా అన్నారు. కొత్త లోక్‌సభ వచ్చాక ఒక ఎంపీ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన పీఏ గారు మా 40 పేజీల ఫైలు చేతిలో తూకం వేసినట్టు పట్టుకుని, "మేడం, ఒక్క పేజీ ఇవ్వండి, మిగతాది మీ దగ్గరే ఉంచండి" అన్నారు. అప్పుడు బాధనిపించింది కానీ ఆయన చెప్పిందే సరైంది, ప్రశ్న నోటీసు సాధారణంగా 150 మాటలు దాటకూడదు, ఆ 150లో పట్టనిది మా తలలో కూడా స్పష్టంగా లేనట్టే.

తొందరలో మొదటి ప్రశ్న వదులుగా వెళ్ళింది. రాష్ట్రంలో రైల్వే స్టేషన్లలో దివ్యాంగులకు కల్పించిన సౌకర్యాల వివరాలేంటి, ఇంకా మెరుగుపరిచే ప్రతిపాదన ఉందా అని. వచ్చిన నోటీసుల్లో ఏవి తీసుకోవాలో లాటరీ తీస్తారు, అందులో మాది వచ్చింది, రాతపూర్వక జవాబొచ్చింది, స్టాండర్డ్ ర్యాంపు, పార్కింగ్, జారని నడకదారి, సూచికలు, ఒక టాయిలెట్, ఒక మంచినీళ్ళ కుళాయి, మే ఐ హెల్ప్ యూ కౌంటర్, ఇది నిరంతర ప్రక్రియ. ఈ రకం జవాబులు పార్లమెంటు రికార్డుల్లో ఏళ్ళ తరబడి చదివితే తెలుస్తది, లెక్కపెట్టేది సౌకర్యాలని, ప్రయాణాలని కాదు. 2015 డిసెంబర్ 3న సుగమ్య భారత్ అని అన్నీ దివ్యాంగులకు అందుబాటులోకి తెచ్చే కేంద్ర కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు కూడా ఏ1, ఏ, బి కేటగిరీ, అంటే పెద్ద స్టేషన్లన్నీ 2016 జూలైకల్లా పూర్తి అని టార్గెట్ పెట్టారు, ఆ పూర్తి అన్నది కూడా ర్యాంపు, టాయిలెట్, కుళాయి ఉన్నాయా లేవా అన్న లెక్కే. మేం అడిగింది అలాంటి ప్రశ్నే కాబట్టి అలాంటి జవాబే వచ్చింది, ఇందులో జవాబిచ్చినవాళ్ళని అనడానికి ఏమీ లేదు.

సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగింది, నెలరోజులు మా పనంతా దివ్యాంగుల్ని మేడల మీద నుంచి దించడం, మందులు, యూరిన్ బ్యాగులు చేర్చడం, ఈ ఫైలు ముట్టుకోలేదు.

కోర్టుకా, కమిషనర్‌కా, కమిటీకా

మా లాయర్ గారు హైకోర్టులో రిట్ వేద్దాం అన్నారు. ఆలోచించి ఆపాను. ఎందుకంటే కోర్టులో నడుస్తున్న విషయం మీద పార్లమెంటులో ప్రశ్న అడగడానికి రూల్స్ ఒప్పుకోవు, రిట్ వేసిన రోజు నుంచి ఎంపీ గారి చేతులు కట్టేసినట్టే. జనం పెట్టుకునే అర్జీలు చూసే లోక్‌సభ పిటిషన్ల కమిటీకి పంపే ఆలోచన కూడా చేశాం, దానిదీ అదే ఇబ్బంది, కోర్టులో గానీ కోర్టులాంటి అధికారం ఉన్న సంస్థ దగ్గర గానీ ఉన్న విషయాన్ని వాళ్ళు తీసుకోరు, అంటే చీఫ్ కమిషనర్ దగ్గరికి పోతే ఆ తలుపు మూసుకుంటది. రెండూ ఒకేసారి పెట్టి రెండుచోట్లా పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. మేం కమిటీని వదిలి చీఫ్ కమిషనర్‌ని ఎంచుకున్నాం, కారణాలు రెండు. అదే దివ్యాంగుల చట్టం 76వ సెక్షన్ ప్రకారం ఆయన సిఫారసు చేస్తే సంబంధిత సంస్థ మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలి, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి. రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపించింది, 78వ సెక్షన్ ప్రకారం ఆయన వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకి వెళ్తది, ఒప్పుకోని సిఫారసులుంటే ఆ కారణాలతో సహా. అంటే ఈ దారి కూడా చివరికి చట్టసభలోకే తెరుచుకుంటది.

ఫిర్యాదులో తిట్లు, కన్నీళ్ళు పెట్టలేదు. బోర్డు తప్పు చూపించిన ఫొటో, లేచిన బండలు, టేపుతో కొలిచిన వీడియో, తాళం చెవి మనిషి డ్యూటీ వేళలున్న ఆర్టీఐ కాగితం, పుండుకి డాక్టర్ రాసిన సర్టిఫికెట్, ఈ ఐదే. అవతలి వైపు జవాబులో మళ్ళీ సౌకర్యాలన్నీ ఉన్నాయి అని, ప్రమాణాలు మార్గదర్శకాలే కాబట్టి తప్పనిసరి కాదు అని రాశారు. అదృష్టం ఏంటంటే హియరింగ్ టైంకి 2024 నవంబర్ 8న దివ్యాంగులకు అందుబాటు గురించిన రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పొచ్చేసింది. 2017 రూల్స్‌లో 15వ రూలు అందుబాటు ప్రమాణాలని ఊరికే సలహాలుగా వదిలేసింది, అది చట్టానికే విరుద్ధం, తప్పనిసరి రూల్స్ మూడు నెలల్లో చేయండి అని. ఆ తీర్పుకి ఆధారమైన రిపోర్టు తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రం. వీడియోలో హియరింగ్ జరిగింది, ఆ అమ్మాయి ఆఫీసు నుంచే కనెక్టయింది. ఎక్కువ మాట్లాడలేదు. "సార్, ర్యాంపు ఉందని వాళ్ళు చెప్పింది నిజమే. అది పదింటికి లేస్తది, నా బండి నాలుగు నలభైకి వెళ్ళిపోతది" అంది. అవతల కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సిఫారసు వచ్చింది, ర్యాంపు 24 గంటలు అందుబాటులో ఉంచాలి, బాధ్యత ఒక హోదాకి అప్పగించాలి, వాడకం రికార్డు చేయాలి.

రెండో ప్రశ్న

దీంతోపాటు ఎంపీ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాం, ఈసారి నిజంగానే ఒక్క పేజీతో. ఇక్కడ పీఏ గారు నాకు తెలియని సంగతి ఒకటి నేర్పారు. ప్రభుత్వం జవాబులో పరిశీలిస్తున్నాం, సమాచారం సేకరిస్తున్నాం, చూస్తాం లాంటి మాటలు వాడితే అది హామీ కిందకి వస్తది, దాన్ని లోక్‌సభ ప్రభుత్వ హామీల కమిటీ పట్టుకుని మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని వెంటపడుద్ది. అదే ఫలానావి ఉన్నాయి అని లిస్టు చెప్తే అందులో హామీ ఏమీ ఉండదు, ఆ రోజుతో ఆ కాగితం పని అయిపోయింది. అంటే ప్రశ్న రాసేటప్పుడే, దీనికి జవాబు లిస్టుగా వస్తదా, మాటివ్వాల్సి వస్తదా అని చూసుకోవాలి.

అలా రాశాం. రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య పోర్టబుల్ ర్యాంపు ఇవ్వగలిగే స్టేషన్లు ఎన్ని, ర్యాంపు వాడకానికి రిజిస్టర్ పెట్టాలనే ఆదేశం ఉందా, లేకపోతే ఎప్పటిలోగా ఇస్తారు, దివ్యాంగుల బోగీ ఆగే చోటు ముందే తప్పులేకుండా చూపించే ఏర్పాటు ఎప్పటికి. మా స్టేషన్ పేరు కావాలనే పెట్టలేదు, ఒక్క స్టేషన్ గురించి అడిగితే స్థానిక విషయం అని పక్కన పెట్టే అవకాశం ఉంది, పైగా మా సమస్య మాదొక్కటే కాదని నాకు అప్పటికే తెలుసు. మొదటిసారి లాటరీలో రాలేదు. రోజుకి నోటితో చెప్పే ప్రశ్నలు 20, రాతపూర్వకమైనవి 230, రానప్పుడు మళ్ళీ వేయడం తప్ప చేసేదేం లేదు. 2025 బడ్జెట్ సమావేశాల్లో వచ్చింది. రిజిస్టర్ విషయం, రాత్రివేళ ఏర్పాట్ల విషయం పరిశీలిస్తాం అని జవాబు. పీఏ గారు ఫోన్ చేసి, మేడం, పరిశీలిస్తాం అన్నారు అని సంతోషంగా చెప్పారు. వేరేవాళ్ళకి ఆ మాట వినగానే నీరసం వస్తది, మాకు ఆ రోజు పండగ.

ఆ ఒక్క పేజీలో రెండు వాక్యాలు బయటి దేశాల గురించి పెట్టాను. బ్రిటన్‌లో 2024 ఆగస్టులో టానీ గ్రే థాంప్సన్, పారాలింపిక్స్ ఛాంపియన్, పార్లమెంటు ఎగువసభ సభ్యురాలు కూడా, దించడానికి ఎవరూ రాకపోతే లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో రైల్లోంచి తనే పాక్కుంటూ దిగాల్సి వచ్చింది. అమెరికాలో 1990 దివ్యాంగుల చట్టం స్టేషన్లకి 20 ఏళ్ళ గడువిచ్చింది, 2010 జూలై 26 దాకా, అక్కడి ప్రయాణికుల రైళ్ళు నడిపే సంస్థ ఆమ్‌ట్రాక్ ఆ గడువు దాటేసింది, 2020 డిసెంబర్‌లో న్యాయశాఖతో ఒప్పందం చేసుకుని బాధితుల కోసం 22.5 లక్షల డాలర్లు పక్కన పెట్టింది. డబ్బున్న దేశాల్లో కూడా గడువు రాసినంత మాత్రాన కాలేదు, ఎవరో ఒకరు వెంటపడి అడిగితేనే కదిలింది అని ఎంపీ గారికి చెప్పడానికే. ఆయనకి మాత్రం ఆ దేశాల సంగతి కంటే తాళం చెవి కాగితం ఎక్కువ తగిలింది, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

తర్వాత రైల్వే జోన్ జనరల్ మేనేజర్ (జీఎం) గారు ఎంపీలతో పెట్టే మీటింగ్‌కి అజెండాలో దీన్ని ఎంపీ గారు రాతపూర్వకంగా ఇచ్చారు. నోటితో చెప్తే విన్నాం అంటారు, అజెండాలో ఉంటే జవాబు మినిట్స్‌లోకి ఎక్కాలి. నిజం చెప్పాలంటే స్టేషన్‌లో పని కదిలింది ఈ మీటింగ్‌కి పది రోజుల ముందు. కమిషనర్ సిఫారసుకి మూడు నెలల గడువు కూడా సరిగ్గా అప్పుడే ముగుస్తోంది. ఈ రెండింట్లో ఏది కదిలించింది అంటే నేను చెప్పలేను, విడివిడిగా అయితే ఏదీ కదిలేది కాదనే నా నమ్మకం.

ఏం మారింది

ర్యాంపు ఇప్పుడు ప్లాట్‌ఫాం మీదే షెడ్డు కింద గొలుసుతో ఉంటది, చెవి 24 గంటలు డ్యూటీ ఉండే గదిలో మేకుకి వేలాడుతుంది. ఒక రిజిస్టర్ పెట్టారు, పొడుగు నోటు పుస్తకం, చేత్తో గీతలు గీసి తేదీ, బండి నంబర్, సాయం చేసినవాళ్ళ హోదా, ప్రయాణికుల సంతకం. లేచిన బండలు చాలావరకు సరిచేశారు. మేం వెళ్ళిన మొదటి తెల్లవారుజాము బోగీ చెప్పిన చివర్నే ఆగింది, ఇద్దరొచ్చి ర్యాంపు వేశారు, వాలు ఎక్కువ కాబట్టి తనని వెనక్కి తిప్పి, ఒకరు పైనుంచి లాగుతూ తమ్ముడు కిందనుంచి ఆపుతూ ఎక్కించారు. నా ఫోన్‌లో చూసుకున్నాను, మూడు నిమిషాల పది సెకన్లు. తలుపులోంచి కుర్చీ లోపలికి వెళ్ళాక, తను కుషన్‌ని రెండు చేతులతో ఒకసారి తడిమి చూసుకుంది. నాన్న కింద నిలబడి ఉన్నాడు, ఈసారి చేతిలో ఏమీ లేదు.

మారనివి కూడా చెప్పాలి. ఆ బోగీలో వేరేవాళ్ళు ఎక్కి గడి పెట్టడం ఇంకా ఉంది, రైల్వే చట్టం 155వ సెక్షన్ కింద 500 రూపాయల దాకా జరిమానా ఉంది కానీ తెల్లవారుజామున ఐదు నిమిషాల్లో దాన్ని అమలు చేసేదెవరు. బోర్డు ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతుంది. ఇద్దరు తోస్తే తప్ప ఎక్కలేని వాలుని నేను అందుబాటు అనలేను, లిఫ్టు కావాలి, దానికోసం అడగడం ఇంకా అవ్వలేదు. అన్నిటికంటే పెద్దది తిరుగు ప్రయాణం, ఆసుపత్రి ఉన్న ఊళ్ళో స్టేషన్ వేరే జోన్‌లో ఉంది, అక్కడ ఇప్పటికీ మోసే ఎక్కిస్తున్నారు. అంటే ఆ అమ్మాయి అడిగినది సగమే అయింది.

మళ్ళీ ఇలాంటి కేసొస్తే నేను మొదటి వారంలోనే టేపు పట్టుకుని వెళ్తాను, రెండో వారంలో తాళం చెవి ఎవరి దగ్గర, ఏ వేళల్లో అని ఆర్టీఐ వేస్తాను, ఆ కాగితం వచ్చేదాకా ఎంపీ గారి గుమ్మం తొక్కను. ఇది వరసగా చేసుంటే కనీసం ఎనిమిది నెలలు కలిసొచ్చేవి, ఆ ఎనిమిది నెలల్లో తను రెండుసార్లు మోయించుకుని ఎక్కింది, ఆ బాధ్యత కొంత నాది.

కిందటి నెల స్టేషన్‌కి వెళ్ళినప్పుడు రిజిస్టర్ అడిగి చూశాను. మొదటి లైన్లో తన సంతకం ఉంది. దాని కింద ఇంకో 16 లైన్లు, అన్నీ మాకు తెలియనివాళ్ళే, ఒకచోట సంతకం బదులు వేలిముద్ర, ఇంగ్లీషులో తేదీ రాసి కింద తెలుగులో "అమ్మ" అని ఎవరో రాశారు. మూడు లైన్లలో ప్రయాణికుల సంతకం ఖాళీగా ఉంది, ఆ మూడూ ఒకే వారంలోవి. వాటి గురించి ఆర్టీఐ వేశాను, అవతలి స్టేషన్ ర్యాంపు తాళం చెవి గురించి కూడా అదే రోజు ఇంకొకటి వేశాను.